నాకు వినపడదు

వందన గిద్దలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరుగా పనిచేసేది. ఉండేది రాచర్ల. పొద్దున భర్త విక్టర్ ఆటోలోనే పోయేది, సాయంత్రం అతని ఆటోలోనే తిరిగి వచ్చేది. మనిషి పీలగా ఉంటుంది గాని గొంతు పెద్దది. ఆమె పద్యం అందుకుంటే పక్క తరగతిలో లెక్కల సారు చాక్‌పీసు పట్టుకుని అట్లాగే ఆగిపోయేవాడని స్కూల్లో నవ్వుకునేవారు. ఆటో ఎక్కినవాళ్లతో, దిగినవాళ్లతో, ఇంటి ముందు తిరిగే కోళ్లతో కూడా ఆమె మాట్లాడేది.

"నువ్వు ఎక్కితే నాకు హారన్ కొట్టే పని లేదు మే," అనేవాడు విక్టర్.

పెళ్లికి ముందు ఒకసారి ఆమెకు టీబీ వచ్చి తగ్గింది. 2013లో అది తిరగబెట్టింది. రెండోసారి వచ్చినవాళ్లకు అప్పట్లో మాత్రలతో పాటు ఇంజక్షన్లు కూడా ఇచ్చేవారు. వందన స్కూలుకు పోయే దారిలో ఆస్పత్రి దగ్గర దిగి వేయించుకునేది. నెల దాటాక చెవుల్లో సన్నగా ఈల వేసినట్టు మొదలైంది. తరగతిలో ట్యూబులైటు చేసే చప్పుడేమో అనుకుంది. ఇంటికి వచ్చినా ఆ ఈల ఆగలేదు. అత్త కరుణమ్మతో చెప్పింది.

"నీరసం తల్లీ. గుడ్లు తినమంటే తినవు," అంది కరుణమ్మ.

నీరసమే అనుకుంది వందన కూడా. ఆస్పత్రిలో ఆకలి గురించి, దగ్గు గురించి, బరువు గురించి అడిగారు. చెవుల మాట వాళ్లు అడగలేదు, ఈమె చెప్పలేదు. మందుకూ చెవికీ సంబంధం ఉంటుందని ఆమెకు ఎట్లా తెలుస్తుంది? కోర్సు అయిపోయేనాటికి దగ్గు పోయింది, ముఖం తేరుకుంది. ఒక ఆదివారం యేసయ్య గుడిలో అందరూ లేచి నిలబడితే తనూ లేచి పాటల పుస్తకం తెరిచింది. చుట్టూ నోళ్లు కదులుతున్నాయి. పాట లేదు.

నంద్యాలలో చెవుల డాక్టరు పరీక్షలన్నీ చేసి ఒక కాగితం మీద రాసి చూపించాడు. నరం దెబ్బతినింది, తిరిగి రాదు, మిషను పెట్టుకున్నా పెద్దగా ఉపయోగం ఉండదు. చదివి వందన విక్టర్ వైపు చూసింది. విక్టర్ డాక్టరుతో ఏదో గట్టిగా మాట్లాడుతున్నాడు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. ఆ రోజు అతను ఏమన్నాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

పెదవులు చూసి పాఠం నెట్టుకురావచ్చనుకుంది. పిల్లలు వారం తిరక్కుండానే కనిపెట్టేశారు. ప్రశ్న అడిగితే ఒకడు లేచి ఏదో చెప్పాడు, ఆమె "వెరీ గుడ్, కూర్చో" అంది. తరగతి తరగతంతా కడుపు పట్టుకుని నవ్వింది. ఏం చెప్పాడో గాని జవాబు మాత్రం కాదు. తన గొంతు ఎంత పైకి పోతోందో కూడా ఆమెకు తెలిసేది కాదు. ఒక సాయంత్రం హెడ్మిస్ట్రెస్ విజయలక్ష్మి ఆమెను గదిలోకి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, ఒక తెల్లకాగితం మీద రాసింది: "మీరు కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి మేడం." రాసి, తనే కళ్లు తుడుచుకుంది. కొన్నాళ్లంటే ఎన్నాళ్లని వందన అడగలేదు.

ఇంట్లో ఉండిపోయింది. మొదట్లో అందరూ ఆమె కోసం నిదానంగా, నోరు పెద్దగా తెరిచి మాట్లాడేవారు. రెండుసార్లు చెప్పేవారు, మూడోసారి చేతులతో చూపించేవారు. పోను పోను విసుగు వచ్చింది. భోజనం దగ్గర విక్టరూ కరుణమ్మా ఏదో మాట్లాడుకుని నవ్వుకుంటే, "ఏందీ? ఏందీ?" అని అడిగేది. విక్టర్ చెయ్యి ఊపి, "ఏం లేదులే," అనేవాడు. ఆ రెండు మాటలు ఆమె ఎవరి పెదవుల మీదైనా ఇట్టే పోల్చుకోగలిగేది. చుట్టాలు, ఇరుగుపొరుగు, గుడి సంఘంలో ఆడవాళ్లు, అందరూ ఆమెతో ఎక్కువగా అన్న మాట అదే.

తను మాట్లాడటం కూడా తగ్గిపోయింది. ఆమె నోరు తెరిస్తే ఆటోలో జనం ఉలిక్కిపడి వెనక్కి చూసేవారు. మెల్లగా అంటే మరీ గుసగుసగా వచ్చేదేమో, ఎవరికీ అందేది కాదు. ఏడాది తిరిగేసరికి వందన రోజు మొత్తం మీద పది మాటలు కూడా మాట్లాడని మనిషి అయిపోయింది.

ఒకసారి స్కూల్లో కంప్యూటర్లు నేర్పే స్రవంతి చూడటానికి వచ్చింది. అంతకు ముందు ఇద్దరూ కలిసి పిల్లల కథలతో స్కూలు తరఫున ఒక బ్లాగు నడిపారు. పిల్లల రాతల్లో తప్పులు దిద్దేది వందన, పెట్టేది స్రవంతి. టీ తాగుతూ స్రవంతి ఫోన్లో టైపు చేసి చూపించింది. "మాట్లాడటానికి కష్టంగా ఉంటే రాయండి మేడం. రాయడానికి చెవులు అక్కర్లేదు గదా."

ఆ సాయంత్రమే ఇద్దరూ కూర్చుని వందనకని కొత్త బ్లాగు తెరిచారు. పేరేం పెట్టాలని స్రవంతి అడిగింది. అందరికీ ముందు చెప్పాల్సి వచ్చేది అదే గదా అనుకుని వందన, "నాకు వినపడదు" అని పెట్టమంది.

మొదటి పోస్టు కుక్కరు గురించి. విజిల్ వినపడనివాళ్లు కుక్కరు పెట్టి పక్కకు పోకూడదు, దాని నెత్తిన ఉండే బరువు ఎగిరినప్పుడల్లా ఆవిరి తన్నడం చూసి లెక్క పెట్టుకోవాలి, చేత్తో మూత పిడి పట్టుకుంటే విజిల్ వచ్చే ముందు వణుకు తెలుస్తుంది అని రాసింది. రెండోది రోడ్డు దాటడం గురించి. ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లు మన భుజం మీదుగా వెనక్కి చూస్తుంటే వెనక బండి వస్తున్నట్టు లెక్క అని. వాన పడుతోందని బయటికి వస్తే తప్ప తెలియకపోవడం గురించి, పొయ్యి మీద పాలు పొంగిపోతే వాసన వచ్చాకే పరిగెత్తడం గురించి, తలుపు తట్టినవాళ్లు తిట్టుకుంటూ వెళ్లిపోవడం గురించి రాసింది. ఇంజక్షన్ల గురించి ఒకటి రాసింది. ఇట్లాంటి ఇంజక్షన్లు వేయించుకునేటప్పుడు చెవిలో ఈల వినిపిస్తే నీరసమని ఊరుకోవద్దు, మీ అంతట మీరు మందు మానొద్దు, ఆ రోజే డాక్టరుకు చెప్పండి అని. ఆ ఒక్క పోస్టు రాయడానికి ఆమెకు చాలా వారాలు పట్టింది.

శనివారం శనివారం పెట్టేది. స్కూల్లో శనివారం ఆఖరి పీరియడు వ్యాసరచన. ఆ అలవాటు ఉండిపోయింది. ఫోన్లో సిగ్నలు మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కనే సరిగా అందేది. ఎండ కాళ్లు కాల్చకుండా గోనెసంచి పరుచుకుని అక్కడ కూర్చుని ఎక్కించేది.

ఎంతమంది చూశారో చూపించే పేజీ ఒకటి ఉంటుంది. అందులో గీత నేల మీద పడుకున్నట్టు ఉండేది. ఎప్పుడన్నా కాస్త లేచిందంటే, తప్పులు దిద్దుకోవడానికి తనే తెరిచి ఉండేది. ఒకరోజు మొదటిసారి కింద ఎవరో ఏదో రాశారు. ఇంగ్లీషులో పొడుగ్గా ఉంది. వందన సంతోషం పట్టలేకపోయింది. "చదివినందుకు చాలా ధన్యవాదాలు. మీది ఏ ఊరు?" అని జవాబు రాసింది. మర్నాడు నిదానంగా చదివితే అర్థమైంది, అది లావు తగ్గే మందు అమ్మేవాళ్ల ప్రకటన. తన జవాబును మాత్రం ఆమె తీసేయలేదు.

"ఎప్పుడు చూసినా ఫోన్లో ఏం రాస్తాండావమ్మా? ఎవురు చదువుతారు?" అని అడిగేవారు బంధువులు. ఆ ప్రశ్నను కూడా ఆమె పెదవుల మీదే చదవడం నేర్చుకుంది. విక్టర్‌కు ఒకసారి ఫోను ఇచ్చి చదవమంది. ఏడో తరగతితో చదువు ఆపినవాడు. రెండు వరుసలు వేలు పెట్టి చదివి, "ఇంత పొడుగు నావల్ల కాదు," అన్నట్టు తల ఊపి ఇచ్చేశాడు.

మూడో వేసవిలో మానేసింది. ఒక శనివారం ఒళ్లు బాగాలేక రాయలేదు. తర్వాతి శనివారం కావాలనే రాయలేదు. ఎందుకు రాయలేదని అడిగినవాళ్లు ఎవరూ లేరు. వేసవంతా అట్లాగే పోయింది.

వానాకాలం మొదట్లో కంటి చూపుకని మార్కాపురంలో ఒక ఆస్పత్రికి ఒక్కతే వెళ్లింది. టోకెన్ ఇచ్చి కూర్చోమన్నారు. పేరు పిలుస్తారని ఆమెకు తెలుసు గాని, తలుపు దగ్గర నిలబడిన మనిషి నోరు ఆమె కూర్చున్న చోటికి కనిపించలేదు. లేచి దగ్గరికి పోతే కూర్చోమని చెయ్యి చూపించాడు. జనం పలచబడ్డారు. ఊడ్చే మనిషి వచ్చి బెంచీ కింద చీపురు ఆడించింది. వందన టోకెన్ చూపించింది. అప్పటికి డాక్టరు వెళ్లిపోయాడు. తలుపు దగ్గరి మనిషి చిరాగ్గా ఏదో అన్నాడు. నాలుగైదుసార్లు పిలిచాము అన్నాడని చేతి వేళ్లను బట్టి తెలిసింది.

ఇంటికి వస్తూనే మిద్దె ఎక్కి ఆ కోపంలోనే రాసింది. నాలుగైదుసార్లు పిలిచిన మనిషి ఒక్కసారి వచ్చి భుజం తట్టి ఉంటే సరిపోయేదని రాసింది. తప్పులు కూడా దిద్దకుండా పెట్టేసి దిగి వచ్చింది. మర్నాడు బట్టలు ఆరేయడానికి పైకి పోయినప్పుడు చూస్తే కింద ఒక కామెంటు ఉంది.

"నేను గూడా ఇట్లనే కూచున్నా అక్కా. నన్ను తాళం ఏసి పోయినారు. చెంచులక్ష్మి, అర్ధవీడు."

చెంచులక్ష్మి వాళ్లది గొర్రెలు కాసే కుటుంబం. మెదడు జ్వరం వచ్చి రెండేళ్ల కిందట చెవులు పోయాయి. పదో తరగతి దాకా చదివింది. వందన బ్లాగును మొదటి నుంచి చివరి దాకా ఒక్క పగలు గొర్రెల వెనక తిరుగుతూ చదివేసిందట. ఇద్దరూ ఫోను నంబర్లు ఇచ్చుకున్నారు. రోజూ మెసేజీలే. శనివారం పోస్టులు కూడా మళ్లీ మొదలయ్యాయి. వందన నిండు వాక్యాలు రాసేది, చెంచులక్ష్మి నోటికి వచ్చినట్టు రాసేది.

"నేను పిలిస్తే మా గొర్రెలకు ఇనపడతాది. అయ్యి అరిస్తే నాకు ఇనపడదు. అయినా కాపురం చేస్తాండాం అక్కా," అని ఒకసారి రాస్తే వందన మిద్దె మీద ఒక్కతే పగలబడి నవ్వింది.

కంభం ఇద్దరికీ మధ్యన ఉంటుందని అక్కడ బస్టాండులో కలుసుకున్నారు. చెంచులక్ష్మి వందన అనుకున్నదానికంటే చిన్నది, బాగా ఎండకు కాలిన ముఖం, ముక్కుకు తళుక్కుమనే పుడక. బెంచీ మీద పక్క పక్కన కూర్చుని ఒకరి ఫోనుకు ఒకరు మెసేజీలు పెట్టుకున్నారు. కాసేపయ్యాక చెంచులక్ష్మి ఫోను ఒళ్లో పెట్టుకుని నోటితోనే మాట్లాడటం మొదలుపెట్టింది. వందన కూడా మాట్లాడింది. పక్కనున్న మనిషికి ఎంత గట్టిగా చెప్పినా ఇబ్బంది లేదు, ఎంత మెల్లగా చెప్పినా తేడా లేదు. పెదవులు చూసుకుంటూ, అర్థమైన చోట తల ఊపుతూ, కాని చోట నవ్వుతూ ఇద్దరూ వాగినన్ని మాటలు వాగారు. బస్టాండులో జనం ఆగి చూశారు. కండక్టరు అరిచి అరిచి ఊరుకున్నాడు, అర్ధవీడు బస్సు వెళ్లిపోయింది. అది కళ్ల ముందు నుంచే పోతుంటే చూసి, ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. చెవులు పోయిన తర్వాత వందన అంతసేపు మాట్లాడిన రోజు మరొకటి లేదు.

ఆ తర్వాతి ఏడాది వానలు లేవు. గొర్రెలు అమ్మేసి చెంచులక్ష్మి, ఆమె భర్త బెంగళూరుకు బిల్డింగు పనికి పోయారు. పోయిన కొత్తలో మెసేజీ పెట్టింది. "ఈడ దుమ్ము అక్కా. మనుషులు శానా మంది. మనతో ఎవురూ మాట్లాడరు. మాట్లాడినా ఒకటే గదా మనకు."

కొన్ని నెలలకు మెసేజీలు ఆగిపోయాయి. వందన పంపినదాని పక్కన ఒక్క టిక్కే పడేది, అందినట్టు చూపే రెండో టిక్కు పడేది కాదు. ఫోను పోయిందేమో, నంబరు మారిందేమో అనుకుంది. మారినా బ్లాగు ఉంది గదా, అక్కడికి వస్తుందిలే అనుకుంది. శనివారం పోస్టు చివర, "చెంచులక్ష్మీ, చూస్తే ఒక మాట రాయి" అని పెట్టేది. అట్లా కొన్ని శనివారాలు పెట్టి, ఇక ఆగలేక బస్సెక్కి అర్ధవీడు పోయింది.

మనుషులు పొలం పనులకు పోయిన వేళ. ఇల్లు తాళం వేసి ఉంది. ఎదురింటి అరుగు మీద ఒక ముసలామె కంది పొట్టు చెరుగుతోంది. వందన ఫోనులో చెంచులక్ష్మి ఫోటో చూపించింది. ముసలామె చేట కింద పెట్టేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత వందన మణికట్లు రెండూ పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"అవ్వా, నాకు వినపడదు."

ముసలామె ఇంకా గట్టిగా చెప్పింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. పళ్లు లేని నోరు, ఒక్క మాట కూడా పట్టు దొరకలేదు. వందన ఫోను చేతికి ఇచ్చి రాయమన్నట్టు చూపించింది. ముసలామె దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ చూసి, తిరిగి ఇచ్చేసింది. వీధిలో ఇంకెవరూ లేరు. ఆమె చెబుతూనే ఉంది, వందన చూస్తూనే ఉంది. ఏడుపుకు ఒకటే అర్థం ఉండాలని ఏముంది అని తిరుగు బస్సులో తనకు తానే చెప్పుకుంది.

వందన చెప్పింది విని, మర్నాడు విక్టర్ ఆటోలో ఎవరినీ ఎక్కించుకోకుండా అర్ధవీడు పోయాడు. మధ్యాహ్నం దాటాక వచ్చాడు. వందన వాకిట్లో బట్టలు పిండుతోంది. విక్టర్ మెట్టు మీద కూర్చుని, ఆమె ఫోను అడిగి తీసుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాడు. ఆమె తడి చేతులతో అట్లాగే నిలబడి ఉంది.

"ఆ పాప లేదు. బెంగులూరులో పని కాడ లారీ ఎనక్కి వచ్చినాది. డ్రైవరు ఆరన్ కొట్టినాడంట. పాపకు ఇనపల్లా."

వందన చదివి ఫోను తిరిగి అతని చేతిలో పెట్టింది. విక్టర్ లేవలేదు. "ఇంకా ఉండాది" అని టైపు చేసి చూపించాడు. ముసలామె చెప్పిందంతా, తనకు గుర్తున్నంత వరకు, ఒక్కటొక్కటే రాశాడు. ఆ పాప మొగుడు ఊరికి వచ్చి కర్మలు చేసి మళ్లీ బెంగళూరు పోయాడని రాశాడు. "రాచర్లలో నాకు ఒక అక్క ఉండాదని అందరికీ చెప్పేదంట. అవ్వ నిన్ను చూడంగానే నువ్వేనని పోల్చినాదంట," అని రాశాడు. అంత పొడుగు అతను రాయడం అదే మొదలు. ఎండ మెట్ల మీద నుంచి గోడ మీదకు ఎక్కేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. కరుణమ్మ వచ్చి మిగిలిన బట్టలు ఆరేసింది.

రెండు శనివారాలు పోయాక వందన రాసింది. చెంచులక్ష్మి అని పేరు మాత్రమే పెట్టింది. గొర్రెల కాపురం మాట రాసింది, కంభం బస్టాండు రాసింది, తప్పిపోయిన బస్సు రాసింది. లారీ గురించి ఒక్క వాక్యమే రాసింది.

ఆ పోస్టును హైదరాబాదులో ఎవరో చదివి ఫేస్‌బుక్‌లో పెట్టారు. అక్కడి నుంచి ఎక్కడెక్కడికో పోయింది. నేల మీద పడుకుని ఉన్న గీత ఒక్కసారిగా లేచి నిలబడింది. కామెంట్లు వందల్లో వచ్చాయి. వందన వాటిని కాసేపు చూసి పేజీ మూసేసింది. చెంచులక్ష్మి బతికి ఉండగా ఒక్కరూ రాలేదు, ఇప్పుడు వచ్చారు వీళ్లంతా అని ఆమెకు కడుపు మండింది. చాలా రోజులు ఫోను ముట్టుకోలేదు.

మళ్లీ తెరిచి చూసినప్పుడు, వచ్చినవాళ్లు వెళ్లిపోలేదని తెలిసింది. వెనక్కి వెనక్కి పోయి పాత పోస్టులు చదువుతున్నారు. కుక్కరుది, రోడ్డుది, టోకెన్‌ది, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టకుండా పడి ఉన్నవన్నీ. "ఏం లేదులే" అని పేరు పెట్టి ఎప్పుడో రాసిన నాలుగు పేరాల కింద మనుషులు బారులు తీరారు. రాజమండ్రిలో రైల్వే నుంచి రిటైరైన ఒక పెద్దాయన, వినపడటం లేదని పెళ్లానికి కూడా చెప్పకుండా దాచానని రాశాడు. తెనాలిలో ఒక తల్లి, పుట్టు చెవిటి కూతురికి తను రోజూ ఈ మాటే అంటున్నానని రాసింది. వందన అందరికీ జవాబులు రాసింది. స్కూల్లో కాంపోజిషన్ పుస్తకాలు దిద్దినట్టు, ఒక్కరినీ వదలకుండా.

ఇప్పుడు ఆ బ్లాగుకు ఎక్కడెక్కడి తెలుగువాళ్లో వస్తుంటారు. ఒక పత్రిక జిల్లా పేజీలో ఆమె ఫోటో వేసింది. రాచర్లలో ఆమెను బ్లాగు మేడం అంటారు. ఎదురైతే ఆగి, మునుపటికంటే వేగంగా, మునుపటికంటే ఎక్కువగా మాట్లాడతారు. ఆమె నవ్వి తల ఊపుతుంది. గుడిలో పాస్టరయ్యగారు ఆమె పేరు చెప్పి ఏదో అంటే అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఏమన్నారో విక్టర్ తర్వాత చెప్పాడు గాని, అప్పుడు ఆ బెంచీ మీద తను ఒక్కతే ఉన్నట్టు ఆమెకు అనిపించింది.

నిరుడు ఎండాకాలం మొదట్లో పుల్లలచెరువు నుంచి ఒక జంట ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. అశోక్, గోపిక. అశోక్‌కు మొండి టీబీ వచ్చి కొన్నేళ్ల కిందట ఇంజక్షన్లు పడ్డాయి. చెవిలో ఈల మొదలైతే గోపిక ఫోన్లో వెతికింది, వందన పోస్టు దొరికింది. తెల్లారే పోయి డాక్టరుకు చెప్పారు. ఆయన పరీక్ష చేసి మందు మార్చాడు. ఒక చెవి కాస్త మందంగా ఉంది గాని రెండూ నిలిచాయి. ఇదంతా గోపిక టైపు చేసి చూపించింది. అశోక్ తెచ్చిన కందుల సంచి ఆమె ముందు పెట్టి, దండం పెట్టాడు.

వందన ఆ అబ్బాయి చెవుల వంకే చూసింది. మామూలు చెవులు. ఒకదాని వెనక బీడీ పెట్టుకుని ఉన్నాడు. టీబీ వచ్చినవాడివి బీడీ ఏందని తిట్టాలనిపించింది. ఫోను తీసుకుని అదే రాసింది. అశోక్ నాలుక కరుచుకుని బీడీ తీసి పారేశాడు. గోపిక నవ్వింది.

కాసేపటికి అశోక్ విక్టర్‌తో మాటల్లో పడ్డాడు. ఇద్దరూ చేతులు తిప్పుకుంటూ ఏదో చెప్పుకుంటున్నారు. వందన వాళ్ల వైపు చూసి, తర్వాత వాకిలి వైపు చూస్తూ కూర్చుంది. ఆమె రాసిన మాటతో చెవులు నిలుపుకున్న మనిషి వచ్చి ఆమె ఇంట్లో మాట్లాడుతున్నాడు, ఆ మాటలు ఆమెకు తప్ప అందరికీ అందుతున్నాయి. ఆమెకు కోపం రాలేదు. అలవాటైన ఒంటరితనం, అంతే.

గోపిక జరిగి వచ్చి పక్కన కూర్చుని ఫోను ముందుకు పెట్టింది. "అక్కా, అవ్వ గొంతు భలే ఉండాది."

వందనకు అర్థం కాలేదు. "ఎవరి గొంతు?" అని రాసింది.

"మీ అత్త. ఇందాకట్నించి పాడతానే ఉండాది గదా."

వందన తిరిగి చూసింది. కరుణమ్మ గోడకు ఆనుకుని చేటలో బియ్యం ఏరుతోంది. తల వంచుకుని ఉంది, పెదవులు కదులుతున్నాయి. ఇన్నేళ్లుగా ఆ పెదవులు అట్లా కదలడం వందన చూస్తూనే ఉంది. తన గురించి గొణుక్కుంటోందనీ, కొడుకు రాతను తిట్టుకుంటోందనీ అనుకునేది. అందుకే ఆ వేళల్లో మిద్దె ఎక్కి పోయేది.

లేచి అత్త ముందు కూర్చుంది. నోరు తెరిచి అడిగింది. గొంతు ఎంత పైకి వచ్చిందో తెలియదు. విక్టరూ అశోకూ ఇద్దరూ తిరిగి చూశారు.

"అత్తా, ఏం పాట పాడతాండావు?"

కరుణమ్మ సిగ్గుపడింది. ఏదో చెప్పి మళ్లీ చేటలోకి చూసుకుంది. వందన గోపిక వైపు చూసింది. గోపిక టైపు చేయబోయి ఆగి, ఒకసారి కరుణమ్మను చూసి, రాసింది.

"ఊరికే పాడుకుంటా అంటాంది. నువ్వు మాట్లాడేది మానేసినాక ఇల్లంతా మూగపోయినాదంట. చప్పుడు లేకపోతే తోచదంట."

వందన ఆ వాక్యాన్ని చదివింది. మళ్లీ చదివింది. తనకు వినపడని ఇల్లు వినపడేవాళ్లకు కూడా నిశ్శబ్దంగానే ఉందని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. చేటను తన వైపు కాస్త లాక్కుని, అత్తతో పాటు రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. కరుణమ్మ ఆగిపోతే, పాడమన్నట్టు గడ్డం ఎత్తి చూపించింది.

వచ్చినవాళ్లు వెళ్లిపోయాక కందులు డబ్బాలోకి పోస్తూ వందన మాట్లాడింది. కందులు బాగున్నాయంది. ఆ పిల్ల తెలివైనదంది. ఎండలు అప్పుడే ముదిరాయంది. కరుణమ్మ ఏదో జవాబు చెప్పింది. వందనకు అది అందలేదు, ఏందని అడగలేదు కూడా. తనకు తోచింది మరొకటి చెప్పింది.

ఇప్పటికీ విక్టర్ ఆటో తీసుకుని పోయాక పగలంతా ఇల్లు ఇద్దరాడవాళ్లదే. వందన కొంతసేపు మాట్లాడుతుంది, చాలాసేపు ఊరికే ఉంటుంది. ఆ రోజు అత్త అన్న మాట గురించి బ్లాగులో రాయాలని చాలాసార్లు మొదలుపెట్టి వదిలేసింది. పోయిన శనివారం ఆమె పెట్టింది గ్యాసు పొయ్యి గురించి. సిలిండరు కట్టేశామో లేదో చప్పుడు వినపడకుండా ఎట్లా తెలుసుకోవాలని యర్రగొండపాలెం నుంచి ఒకామె అడిగితే, వివరంగా, బొమ్మ కూడా గీసి పెట్టింది.